కుంచెడు తవుడు

ఆ ఉదయం సూర్యుడు కనబడలేదు. మాఘంలో మబ్బు పట్టకూడదు, పట్టింది. నల్లమబ్బు కాదు, తడిసి ఆరని గోనెపట్టాలాంటి మబ్బు. గౌతమి మీదుగా వచ్చి కళ్ళాల మీద ఆగిపోయింది. వాన పడలేదు, గాలీ లేదు. నూర్పులు కాని రైతులు మెడలెత్తి చూసుకుంటూ కుప్పల మీదకి తాటాకులు లాగుతున్నారు. అచ్చిబాబు కూడా తెల్లవారకముందే కళ్ళానికి పోయాడు. అందుకే ఆయన కొడుకు తవిటయ్య బుట్ట నెత్తిన పెట్టుకుని దొడ్డిదారిన బయటపడడం ఎవరి కంటా పడలేదు.

ఇంతవరకూ జరిగింది ఇది. అచ్చిబాబు, సుబ్బాయమ్మలకి వరసగా నలుగురు బిడ్డలు పురిట్లోనే పోయారు. ఐదోవాణ్ణి పుట్టగానే చాటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. పల్లిపాలెం నుంచి చేపల తట్టతో ఊళ్ళోకి వచ్చే పాపాయి సోలెడు తవుడిచ్చి వాణ్ణి కొనుక్కుంది. కొనుక్కుని, "నా బిడ్డని నువ్వు పెంచిపెట్టు" అని మళ్ళీ సుబ్బాయమ్మ ఒళ్ళోనే పెట్టింది. పరాయి బిడ్డనుకుని చావు ఆ ఇంటి వంక చూడదని నమ్మకం. కొనే మనిషి బిడ్డ బతికున్న తల్లి అయివుండాలి. పాపాయికి అప్పటికి ఏడాది కొడుకు, చిట్టియ్య.

కొన్న తల్లికి చెప్పకుండా బిడ్డకి ఏ పనీ చెయ్యకూడదు. తవిటయ్యకి పుట్టువెంట్రుకలు తీయించినా, చెవులు కుట్టించినా, పలక చేతికిచ్చినా, ముందు పాపాయి ఊ అంది. ఆ తరవాతే తక్కినవాళ్ళు. పాలెం మనుషులందరూ అతన్ని బాబుగారూ అంటారు. నువ్వు అనేది పాపాయి ఒక్కతే.

అచ్చిబాబుకి పదెకరాల మాగాణి ఉంది, అక్షరం లేదు. కాలవల అమీను కాగితం చూపిస్తే నిశానీ గీత గీసి వచ్చి, ఆ పూట ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. కొడుకు గీత గియ్యకూడదు, సంతకం పెట్టాలి. అదొక్కటే ఆయన కోరిక. తవిటయ్య రామచంద్రపురంలో మిడిల్ స్కూలు పరీక్ష నెగ్గాడు. ఇక హైస్కూలుకి రాజమండ్రి వెళ్ళాలి. సోమవారం కాలవ పడవకి వెళ్ళకపోతే ఈ ఏడు చేర్చుకోరు. ఇవాళ శనివారం.

పాపాయి వద్దంది. పదిహేనేళ్ళలో మొదటిసారి వద్దంది. ఎందుకంటే చెప్పలేదు. అచ్చిబాబు వెళ్ళి అడిగాడు, బతిమాలాడు, కోప్పడి తిరిగొచ్చాడు. సుబ్బాయమ్మ మాట ఒక్కటే. "పాపాయి ఊ అనందే నా బిడ్డని పడవ ఎక్కించను."

పల్లిపాలెం ఊరికి మైలు దూరం, ఏటిగట్టు దిగువన. తవిటయ్య గట్టు మీద నడుస్తూ చెప్పాల్సిన మాటలు సర్దుకున్నాడు. బళ్ళో తోటిపిల్లలు తన పేరు పెట్టుకుని ఎంత ఏడిపించారో అతనికి గుర్తుంది. "ఏరా తవిటిగా, నీ ఖరీదెంతరా? సోలెడా, తవ్వెడా?" అనేవారు. "నీ తమ్ముడు పుడితే చిట్టు ఇచ్చి కొంటార్రా?" అనేవారు. ఆ మాటల్లోంచే అతనికి ఈ ఆలోచన పుట్టింది. తవుడిచ్చి కొన్నది నిజమైతే, తవుడిచ్చి విడిపించుకోవడమూ నిజమే కావాలి. కొన్న మనిషికి హక్కు పోతే ఆవిడ ఊ అనక్కర్లేదు, కాదననక్కర్లేదు.

మబ్బు చూసి పాపాయి ఇసక మీద ఆరేసిన ఎండుచేపల్ని బుట్టలోకి ఎత్తుతోంది. గుడిసె చూరు కింద ఆవిడ మొగుడు ముసలయ్య వల బాగుచేస్తున్నాడు.

"ఏంటి బాబూ పొద్దుటే, కళ్ళంలో పనుండగా," అంది పాపాయి, వంగినది వంగినట్టే.

"నీ తవుడు నీకిచ్చెయ్యడానికొచ్చాను."

ముసలయ్య చేతిలో వెదురుసూది ఆగింది.

"ఏ తవుడు?"

"నన్ను కొన్న తవుడు. నువ్విచ్చింది సోలెడు. నేను కుంచెడు తెచ్చాను. పదహారింతలు. కొలుచుకో."

పాపాయి నడుం నిలబెట్టి అతన్ని చూసింది. పైమీసం మీద నల్లగా నూగు. తలెత్తితే తప్ప ముఖం అందనంత పొడుగయ్యాడు.

"నా సోలెడు నువ్వు తిరిగిచ్చేది కాదు నాయనా," అంది. "అది ఆ పూటే మీ అమ్మ గేదె తినేసింది. కావాలంటే వెళ్ళి గేదెనడుగు."

"హాస్యానికి రాలేదు."

"మరి దేనికొచ్చేవు?"

"సోమవారం నేను పడవెక్కాలి. నువ్వు అడ్డంగా కూచున్నావు. ఈ తవుడు తీసుకుని, వీడు నా బిడ్డ కాదు అని ఒక్కమాట అను. మా అమ్మకి ఆ మాట చెప్పుకుంటాను."

"బాబుగారూ, కూకోండి ముందు," అన్నాడు ముసలయ్య. "బొండం కొడతాను. ఎండ లేపోయినా దూరం నడిచొచ్చేరు."

"నాకేం వద్దు."

పాపాయి మళ్ళీ వంగి చేపలు ఏరడం మొదలుపెట్టింది. "ఎవరు చెప్పేరు నీకిలా చెయ్యమని?"

"ఒకరు చెప్పాలా? చదువుకున్నాను."

"చదువులో ఉందా ఇది?"

తవిటయ్య బుట్ట దించి ఇసకలో పెట్టాడు. గొంతు పెరిగింది. "నీ కొడుకు సముద్రం దాటి రంగం రేవుకి వెళ్ళొచ్చు. కాకినాడలో ఓడెక్కి వెళ్ళి మూడేళ్ళయింది. వాడికి లేని భయం నాకెందుకు? నేను ధవళేశ్వరం దాటి రాజమండ్రి వెళ్ళకూడదా? వాణ్ణి పంపినప్పుడు నీకు నోరు రాలేదేం?"

పాపాయి చెయ్యి ఇసక మీద ఆడుతూనే ఉంది. చేపలు లేని చోట కూడా ఏరుతోంది. ముసలయ్య అది చూసి తల వంచుకున్నాడు.

తవిటయ్యకి పంతం ఎక్కువైంది. గుడిసెలో వాసానికి ఉట్టి వేలాడుతోంది. ఉట్టిలో చిన్న కుండ. పురిటింటికి తవుడు తెచ్చిన కుండ అదేనని చిన్నప్పుడు చాలాసార్లు విన్నాడు. అందులో ఇంకేం పెట్టదు, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. అప్పట్లో చిట్టియ్య, తను నిచ్చెనేసి ఎక్కబోతే ఇద్దర్నీ బెత్తంతో కొట్టింది. ఇప్పుడు నిచ్చెన అక్కర్లేదు.

"ఇందులోంచేగా తెచ్చావు. ఇందులోనే పోస్తాను," అని లోపలికి వెళ్ళి చెయ్యెత్తాడు.

"అది ముట్టుకోకు," అంది పాపాయి. అరవలేదు. పరుగెత్తుకు రాబోయి, చేపల బుట్ట కాలికి తగిలి ఆగిపోయింది.

అతను కుండ దించి వంచాడు. ఏ మూలో పాత తవుడు ఉంటే పారబోద్దామని. తవుడు పడలేదు. కాగితాలు పడ్డాయి. నాలుగు మడతలు పెట్టిన కాగితాలు, ముప్ఫయికి పైనే. ఒకటి విప్పాడు. ఆ దస్తూరీ తనది.

అన్నీ తనవే. చిట్టియ్య రంగం వెళ్ళినప్పటినుంచీ అమావాస్యకొక ఉత్తరం పాపాయి అతని చేతే రాయించేది. పాలెంలో రాయడం వచ్చినవాళ్ళు లేరు. వలలు ఎండలో వేసుకునే రోజు కాబట్టి అమావాస్యనాడు ఆవిడకి తీరిక. వచ్చి వాళ్ళ దొడ్డి మెట్ల మీద కూచుని చెప్పేది, అతను రాసేవాడు. "యానాం వెళ్ళే పడవలో ఇచ్చి పోస్టులో వేయిస్తాను" అని కొంగున ముడేసుకుని పోయేది. పాత ఉత్తరాల్లో అక్షరాలు శనగగింజలంత, వరసలు వాలిపోయి ఉన్నాయి. కొత్తవాటిలో చిన్నగా, గొలుసుకట్టుగా, తిన్నగా ఉన్నాయి. తను పెరగడం అతని కాళ్ళ ముందు పరుచుకుని ఉంది.

"వెయ్యలేదా?" అన్నాడు. "ఒక్కటీ వెయ్యలేదా? జవాబు రాయలేదని మూడేళ్ళుగా వాణ్ణి తిట్టుకుంటున్నాను. పాపం వాడికి ఒక్కటీ అందనే లేదు."

"అందేచోట లేడండి," అన్నాడు ముసలయ్య.

అని వల పక్కన పెట్టి లేచాడు. పాపాయి "వద్దు" అన్నట్టు చెయ్యి ఊపింది. అతను ఆగలేదు.

"ఆడు రంగం ఎళ్ళలేదండి. మీరిద్దరూ ఈ ఇసకలోనే గదండీ, మీరు రాయడం, ఆడు దిద్దడం. అప్పట్నించీ బడి, బడి అని ఒకటే పోరు. ఊరి బడిలో మమ్మల్ని అరుగెక్కనివ్వరు. యెహెజ్కేలు పంతులుగారని పడవ మీద తిరిగే మిషను పంతులు వచ్చేవారు. రాజమండ్రి బోర్డింగులో పెట్టిత్తానన్నారు. అక్కడ కూడు తిన్నాడని తెలిత్తే కులపోళ్ళు మమ్మల్ని వెలేత్తారని, మేనమామ ఎంట రంగం పోయేడని చెప్పుకున్నాం. నాలుగు నెల్లు చదివేడండి. ఏసంకాలం ఆ ఊరంతా వాంతులు, బేదులు. మూడు రోజుల్లో పోయేడు. పంతులుగారు నడిచొచ్చి కబురు చెప్పేసరికి ఆరు రోజులైపోయింది. మట్టి కూడా ఆళ్ళే ఇచ్చేరు."

తవిటయ్య చేతిలో కాగితం అలాగే ఉంది. చిట్టియ్య మునివేలితో ఇసకలో అ అనే అక్షరం దిద్దడం, అలొచ్చి చెరిపేస్తే నవ్వడం, మళ్ళీ దిద్దడం అతనికి కళ్ళకి కట్టింది. నేర్పమని చిట్టియ్య అడగలేదు. తనే గొప్ప కోసం నేర్పాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. "మా అమ్మకైనా."

పాపాయి గడపలో కూచుంది. చేతులకంటిన పొలుసు కొంగుతో తుడుచుకుంటూ చెప్పింది.

"ఆ పంతులు ఇదిగో, ఇక్కడే కూచుని కబురు చెప్పేడు. చెప్పి ఇంకా లేవనేలేదు. గట్టు మీంచి మీ అమ్మ జుట్టు విరబోసుకుని వచ్చింది. నీకు అమ్మవారు పోసి మూడోరోజు. కళ్ళు తెరవటం లేదంట. 'పాపాయీ, వాడు నీ బిడ్డే, నువ్వే బతికించుకో, నీ చేత్తో వేపనీళ్ళు పొయ్యి' అని నా చెయ్యి పట్టుకుంది. బిడ్డ పోయిన చెయ్యే అది అని చెప్పనా? లేచి మొహం కడుక్కుని మీ అమ్మెనకాల వచ్చేను. పోసేను. తెల్లారేసరికి నువ్వు మంచినీళ్ళడిగేవు."

కొంగుకంటిన పొలుసు దులుపుకుంది.

"ఇంకప్పుడు ఎలా చెప్పను? చెబితే మీ అమ్మ నీకు తుమ్మొచ్చినా చచ్చిపోతుంది. నువ్వు పెద్దాడివయ్యేక చెబ్దామనుకున్నాను. పిల్లలు ఏ రోజున పెద్దోళ్ళవుతారో ఎవరికి తెలుసు?"

"ఏడవనైనా ఏడవలేదా?"

"ఏటి నడుమకి పోయేక ఏడిచేదండి," అన్నాడు ముసలయ్య. "నేను పడవకి గెడ ఏసేవోణ్ణి. గట్టు దగ్గరికొచ్చేసరికి మొహం కడిగేసుకునేది."

"మరి ఈ ఉత్తరాలెందుకు?"

"మీ అమ్మే అంది, మావోడి చేత రాయించు, కొడుక్కి కబుర్లు పంపు అని. కాదంటే అనుమానం. మొదట్లో అందుకే వచ్చేను." పాపాయి కాగితాల్ని ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో పెట్టుకుంది. "తరవాత అమావాస్య ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. ఏటికి ఎర్రనీరు వచ్చిందని, నీ వల మీ నాన్న బాగుచేసేడని, వేళకి తినమని. నువ్వు రాస్తున్నంతసేపూ వాడెక్కడో ఉన్నట్టే ఉండేది."

ఒక ఉత్తరం అడుగున తను సొంతంగా చేర్చిన వాక్యం తవిటయ్య కంటబడింది. ఒరే చిట్టీ, జవాబు రాయడానికి కూడా తీరిక లేనంత గొప్పోడివయ్యావట్రా. అలాంటివి ఇంకా ఉన్నాయి. కొన్నిట్లో అంతకన్నా మోటుగా తిట్టాడు.

పాపాయి అతని చూపు పట్టుకుంది. "ఎప్పుడూ కిందన చిన్నగా ఏదో రాసేవాడివి. ఏం రాసేవు బాబూ?"

"కులాసాగా ఉన్నావా అని రాశాను."

"అదే అయ్యుంటుందనుకున్నాను," అంది.

బయట కోడి ఒకటి వచ్చి కుంచెడు తవుట్లో తల పెట్టింది. ఎవరూ తోలలేదు.

"రాజమండ్రి అంటే నా గుండె జారిపోయింది," అంది పాపాయి చివరికి. "అదే ఊరు. అదే పడవ. అందుకే వద్దన్నాను. నీకు తెలిసిపోయింది, ఇంక నా వద్దుకి బలమేముంది? వెళ్ళు. నేను మీ అమ్మ దగ్గరికొచ్చి ఊ అంటాను. కానీ ఒకటి చూసుకో. మీ అమ్మ నమ్మేది బిడ్డ బతికున్న తల్లి ఊ అంటే. నాది ఆ ఊ కాదు. ఆవిడకి చెబితే నిన్ను గడప దాటనివ్వదు. చెప్పకపోతే మోసం. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నీ మోసేను. ఇప్పుడు నీ నెత్తిక్కూడా ఎక్కింది. చదువుకున్నోడివి, నువ్వే చెప్పు ఏం చేద్దామో."

తవుడూ, పెంటకుప్పా, కొనడం అన్నీ వట్టి పిచ్చి నమ్మకాలని తవిటయ్య బళ్ళో నేర్చుకున్నాడు. పరీక్షలో ఆ సంగతి మీద వ్యాసం కూడా రాశాడు. ఇప్పుడు ఆ వ్యాసంలోని వాక్యం ఒక్కటీ నోటికి రాలేదు. ఇది నమ్మకం సంగతి కాదు. తన ప్రాణం కోసం ఒక మనిషి కన్నకొడుకు కోసం ఏడవడం కూడా దాచుకుంది.

గట్టు మీద అలికిడయింది. చూస్తే సుబ్బాయమ్మ. చంకన ఇత్తడిగిన్నె, చేతిలో అరిటాకుల చుట్ట. ఆయాసపడుతూ దిగింది.

"ఇక్కడున్నావా నాయనా. గాదిలో కుంచెడు తవుడు తగ్గితే నాకు తెలీదనుకున్నావా?" అంది. ముఖం నవ్వుతోంది. "మంచి పని చేశావు. తవుడుతో వచ్చి అడిగితే తల్లి మనసు కరక్కుండా ఉంటుందా? నాకా ఆలోచనే తట్టలేదు. ఉత్త చేతులతో రాకూడదని పులగం, వంకాయ పులుసు చేసి తెచ్చాను. కొన్న తల్లికి వండిపెట్టి అడగాలని మా అత్తగారు చెప్పేది. పాపాయీ, ఇంక కాదనకే."

"కాదన్ను సుబ్బాయమ్మగారూ," అంది పాపాయి. "వెళ్ళనివ్వండి."

సుబ్బాయమ్మ గిన్నె దించి కొంగుతో కళ్ళొత్తుకుంది. అడిగింది దొరికేసరికి ఆవిడకి కొత్త భయం పుట్టినట్టుంది. కొడుకు వైపు చూసింది, ఏటివైపు చూసింది. అప్పుడు పాపాయి ఒళ్ళో కాగితాలు కనబడ్డాయి.

"ఏంటే అవి? చిట్టియ్య ఉత్తరాలా? అన్నే? జవాబులొస్తున్నాయని నాతో చెప్పనేలేదే."

పాపాయి కొంగు కప్పబోయింది. అప్పటికే సుబ్బాయమ్మ ఒకటి తీసుకుంది. తలకిందులుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఎంత ముద్దుగా రాశాడో. మావాడి దగ్గర నేర్చుకున్న అక్షరాలే మరి. సముద్రం అవతలుండి కూడా తల్లిని మరవలేదు. అదృష్టవంతురాలివే పాపాయీ." కొడుకు వైపు తిరిగింది. "ఇది చదువు తవిటీ. పరాయి ఊళ్ళో పిల్లాడు ఎలా తింటున్నాడో, ఎలా ఉంటున్నాడో వింటాను. వింటే నాకూ నిన్ను పంపే ధైర్యం వస్తుంది. నోటితో పంపమన్నా, మనసింకా ఒప్పుకోవటం లేదు."

తవిటయ్య చెయ్యి చాపలేదు. ముసలయ్య ఏటివైపు తిరిగి నిలబడ్డాడు.

"సరేలే, పులగం చల్లారిపోతుంది. తిన్నాక చదువుదువుగాని," అంది సుబ్బాయమ్మ.

చూరు కింద చాప పరిచారు. ఆకులు వేసి సుబ్బాయమ్మే వడ్డించింది. తనకీ ఒక ఆకు వేసుకుని, చాప మీద కాదు గాని, చాపని ఆనుకుని కూచుంది. పదిహేనేళ్ళలో ఆవిడ ఆ పాలెంలో మెతుకు ముట్టడం అదే. ఉత్తరం మోకాలి కింద పెట్టుకుంది.

ముసలయ్య పులుసు పోసుకోకుండానే తిన్నాడు. పాపాయి తలెత్తకుండా, వడ్డించింది వడ్డించినట్టు మెతుకు మిగల్చకుండా తింది. తవిటయ్య ముద్ద కలిపాడు. కలిపిందే మళ్ళీ కలిపాడు. ఆకు మీద వేలికొసల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

పాపాయి ఆకు మడిచింది. ముసలయ్య మడిచాడు. సుబ్బాయమ్మ చెయ్యి కడుక్కుని, తడి పమిటకి అద్దుకుని, మోకాలి కింది కాగితం తీసి మడతలు విప్పింది. కొడుకు వైపు చాపి పట్టుకుని, తొందరేం లేదన్నట్టు చూస్తూ కూచుంది.

తవిటయ్య ఆకులో ఇంకా రెండు ముద్దలున్నాయి.